నవ్వించే నియమం: చదరంగానికి కొత్త ఆటవిధానాల కల్పనపై సమీక్ష

చదరంగపు నియమాల్లో ఒకటో రెండో మార్చి, మిగిలిన వాటిని యథాతథంగా ఉంచి ఆడే ఆటలను రూపాంతరాలు అంటారు. బ్రిటిష్ రచయిత డేవిడ్ ప్రిచర్డ్ 1994లో వెలువరించిన రూపాంతరాల విజ్ఞాన సర్వస్వంలో ఇలాంటివి 1,400కు పైగా చోటుచేసుకున్నాయి. ఆయన 2005లో మరణించాక జాన్ బీజ్లీ పూర్తిచేసిన వర్గీకృత ముద్రణ 2007లో వచ్చింది. వాటిలో కొన్ని పోటీ చదరంగానికి ప్రత్యామ్నాయంగా ప్రతిపాదించినవి, కొన్ని గణితం మీది ప్రీతితో కట్టినవి, చెప్పుకోదగినన్ని మాత్రం ఆడేవారికీ చూసేవారికీ నవ్వు తెప్పించాలన్న ఉద్దేశంతోనే పుట్టినవి. ఈ చివరి తరగతిని పిల్లల సరదాగా భావించి పక్కకు నెట్టడం పరిపాటి అయింది, అది సరికాదు. నియమం మారినప్పుడు నవ్వు ఎక్కడి నుంచి వస్తుంది, ఏ మార్పు ఒక్క ఆటతో చప్పబడిపోతుంది, ఏది నిలుస్తుంది, తెలుగు నేలమీద, ప్రత్యేకించి కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల ఆటల అలవాట్లలో ఈ కల్పనకు పనికివచ్చే సరుకు ఏముంది అన్న ప్రశ్నలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

మొదట గుర్తించవలసినది, నేడు ప్రపంచమంతా ఆడుతున్న చదరంగమే ఒకప్పటి ఆటకు రూపాంతరమన్న సంగతి. పాత చతురంగంలోనూ, అది పర్షియా మీదుగా అరబ్బు దేశాలకు చేరి షత్రంజ్‌గా స్థిరపడ్డాకనూ మంత్రి ఐమూలగా ఒక్క గడి మాత్రమే కదిలేవాడు. బంటు కంటే అతని బలం ఏమంత ఎక్కువ కాదు. పదిహేనో శతాబ్దం చివర స్పెయిన్, ఇటలీ ప్రాంతాల్లో ఆ పావును రాణిగా ఆడుతున్నవారు దానికి ఎటువైపైనా ఎంత దూరమైనా పోగల శక్తిని ఇచ్చినప్పుడు, పాత పద్ధతికి అలవాటుపడినవారు ఆ ఆటను పిచ్చెత్తిన రాణి ఆట అన్నారు. ఫ్రెంచి, ఇటాలియన్ భాషల్లో ఆ పేరు కొంతకాలం నిలిచింది కూడా. ఒక తరం ఎగతాళి చేసిన నియమం మీదే తరువాతి ఐదు వందల ఏళ్ళ ప్రారంభ సిద్ధాంతమూ అంత్యదశ శాస్త్రమూ నిర్మాణమయ్యాయన్నది గుర్తుంచుకుంటే, నవ్వించే మార్పులను ముందుగానే తోసిపుచ్చడంలోని తొందరపాటు తెలుస్తుంది.

భారతదేశంలో ఈ యూరోపు మార్పులు ఆలస్యంగా, అదీ అన్నీ ఒక్కసారి కాకుండా వచ్చాయి. లాలా రాజాబాబు 1901లో ఢిల్లీలో వెలువరించిన ముఅల్లిమ్ ఉల్ షత్రంజ్ వంటి దేశీయ గ్రంథాలను పరిశీలించి హెచ్.జె.ఆర్. మర్రే 1913లో తన చదరంగ చరిత్రలో వివరించిన హిందుస్తానీ పద్ధతిలో, బంటు మొదటి ఎత్తులో కూడా ఒక్క గడే జరుగుతుంది. రాజూ ఏనుగూ ఒకే ఎత్తులో చోటు మార్చుకునే కోటకట్టు ఉండదు. దానికి బదులు, ఇంకా చెక్ పడని రాజు ఆటమొత్తం మీద ఒక్కసారి గుర్రంలా దూకవచ్చు. ఇరువైపుల రాజులూ ఎదురెదురుగా కాక, ప్రతి రాజూ ఎదుటి మంత్రికి అభిముఖంగా నిలుస్తాడు. చివరి వరుసకు చేరిన బంటు ఆటగాడు కోరిన పావుగా కాక, ఆ నిలువు వరుస ఎవరిదైతే ఆ పావుగా మారుతుంది, అంటే గుర్రం గడికి చేరినది గుర్రమూ ఏనుగు గడికి చేరినది ఏనుగూ అవుతుంది. ప్రేమ్‌చంద్ కథ ఆధారంగా సత్యజిత్ రాయ్ 1977లో తీసిన షత్రంజ్ కే ఖిలాడీ చిత్రంలో, ఆంగ్లేయుల ఆటలో బంటు రెండు గడులు పోతుందని, మంత్రి స్థానంలో రాణి ఉంటుందని ఒక పాత్ర వివరిస్తుంటే లక్నో జాగీర్దారులు వింతగా వినడం, ఈ రెండు పద్ధతుల మధ్య నిలిచిన కాలానికి మంచి సాక్ష్యం. పంజాబుకు చెందిన మీర్ సుల్తాన్ ఖాన్ ఈ దేశీయ నియమాలతోనే పెరిగి, తరువాత యూరోపు నియమాలు నేర్చుకుని 1929, 1932, 1933 సంవత్సరాల్లో బ్రిటిష్ ఛాంపియన్ అయ్యాడు. ఒక పద్ధతిలో పదునెక్కిన బుద్ధి మరో పద్ధతిలో మొద్దుబారదనడానికి ఇంతకంటే నిదర్శనం అక్కరలేదు. తెలుగు పల్లెల్లో కూడా పాతతరం ఆటగాళ్ళలో బంటును ఒక్క గడే జరిపే అలవాటు నిన్నమొన్నటి దాకా కనిపించేది, కొత్తగా బడిలో నేర్చుకున్న పిల్లలకు అది తప్పుగా తోచేది.

దక్కను రాజాస్థానాలు ఈ ఆటను శ్రద్ధగా పట్టించుకున్నాయి. కల్యాణి చాళుక్య చక్రవర్తి మూడో సోమేశ్వరుడు (పాలన 1126–1138) కూర్చిన మానసోల్లాసంలో చదరంగ వర్ణన ఉంది. కరీంనగర్ ప్రాంతంలోనే, జగిత్యాల పక్కన ఉన్న పొలాస నుంచి ఏలిన సామంతులు ఆ చాళుక్యులకు లోబడినవారే. అంతకు సుమారు వందేళ్ళ ముందే, 1030 ప్రాంతంలో, అల్ బిరూనీ భారతీయులు నలుగురు కూర్చుని పాచికలు వేస్తూ ఆడే చదరంగాన్ని వర్ణించాడు. పాచిక మీద పడిన అంకెను బట్టి ఏ పావు కదలాలో తేలే ఈ ఆటలో వ్యూహమూ అదృష్టమూ కలిసిపోతాయి. ఔరంగాబాదుకు చెందిన హరికృష్ణ 1871 నాటి క్రీడాకౌశల్యంలో చదరంగంతో పాటు అనేక దేశీయ పలకాటలను సంస్కృతంలో వివరించాడు. ఔరంగాబాదు అప్పుడు నిజాం రాజ్యంలోనిదే కనుక, కరీంనగర్‌తో ఒకే పాలన కింద ఉన్న ఊరి గ్రంథమిది. మైసూరు పాలకుడు మూడో కృష్ణరాజ ఒడెయరు (1794–1868) గుర్రం ఏ గడినీ రెండోసారి తొక్కకుండా పలకంతా చుట్టివచ్చే చిక్కుప్రశ్నల మీద ఎంతో శ్రమ పెట్టాడు. శ్రీకృష్ణదేవరాయల ఆస్థానంలో బొడ్డుచర్ల చిన తిమ్మన రాయలనే చదరంగంలో గెలిచేవాడని తెలుగు చాటు సంప్రదాయం గొప్పగా చెప్పుకుంది. రాజును నిజంగా ఓడించడానికి వీలులేని సభలో, పలక మీది రాజును ఓడించడానికి అనుమతి ఉండటమే ఆ చాటువుకు రుచి ఇచ్చింది. చదరంగంలో నవ్వుకు మూలమైన ఒక సూత్రం ఇక్కడే ఉంది: ఆట లోపలి క్రమం బయటి క్రమాన్ని తలకిందులు చేస్తుంది, అయినా నియమాన్ని ఎవరూ తప్పరు.

ఈ చివరి మాట కీలకం. నియమాలు లేకపోతే చదరంగంలో నవ్వు రాదు, గోల వస్తుంది. ఇద్దరు ఆటగాళ్ళూ ముందే ఒప్పుకుని, ఒక్క నియమాన్ని మార్చి, మిగిలినవన్నీ నిష్ఠగా పాటించినప్పుడు, ఏళ్ళ తరబడి పోగుచేసుకున్న అలవాటు ఆ ఒక్క మార్పు దగ్గర బోల్తాపడుతుంది. నవ్వు పుట్టేది అక్కడ. కనుక చదరంగం బాగా వచ్చినవారే ఈ ఆటల్లో ఎక్కువగా నవ్వుతారు. తెలియనివారికి అన్ని నియమాలూ సమానంగా కొత్తవే, వాటిలో ఒకటి వింతగా ఉందని వారికి తోచదు.

ఓడిపోయేవాడు గెలిచే ఆట దీనికి ఉత్తమ ఉదాహరణ. ఇందులో తన పావులన్నీ పోగొట్టుకున్నవాడిదే గెలుపు. ఎదుటి పావును తినే అవకాశం ఉంటే తినక తప్పదు. రాజుకు ఏ ప్రత్యేకతా లేదు, అతన్నీ మామూలు పావులా తినవచ్చు, బంటు చివరి వరుసకు చేరి రాజుగా కూడా మారవచ్చు. మామూలు ఆటలో ఎంతో వినయంగా కనిపించే ఎత్తు ఒకటి ఇక్కడ ఎంత ప్రమాదకరమో చూడవచ్చు. తెల్లవారు మంత్రి ముందున్న బంటును ఒక్క గడి జరుపుతారు. దానితో మంత్రి పక్కనున్న శకటుకు దారి తెరుచుకుంటుంది. నల్లవారు రాజువైపు గుర్రం ముందున్న బంటును రెండు గడులు నెట్టి సరిగ్గా ఆ దారిలో పెడతారు. శకటు దాన్ని తినక తప్పదు. తిన్నచోటి నుంచి నల్లరాజు ముందున్న బంటు కంటబడుతుంది, అది కూడా తినవలసినదే. మామూలు ఆటలో విజయయాత్రలా కనిపించే ఈ వరుస ఇక్కడ నాశనం. ఆ మొదటి ఎత్తు వేసిన తెల్లవారు నల్లవారి సరైన ఆటకు ఓడిపోతారని చాలాకాలం నుంచి తెలుసు. ఈ ఆటలో రాజు ముందున్న బంటును ఒక్క గడి జరిపి మొదలుపెడితే తెల్లవారు తప్పక గెలవవచ్చని గణితవేత్త మార్క్ వాట్కిన్స్ 2016లో కంప్యూటర్ల సాయంతో నిరూపించాడు. సరదా కోసం పుట్టిన ఆట పూర్తిగా ఛేదించబడిందంటే దాని విలువ తగ్గినట్టు కాదు. మనుషులు ఆ నిరూపణను కంఠస్థం చేయలేరు, పలక ముందు కూర్చున్నప్పుడు ఆశ అనే పాత అలవాటే వారిని ఇప్పటికీ పట్టుకుంటుంది.

బలాబలాలు అసమానంగా ఉండే రూపాంతరాలను తెలుగు పాఠకులకు ప్రత్యేకంగా పరిచయం చేయనక్కరలేదు, ఎందుకంటే పులి-మేక ఆట ఆ సూత్రం మీదే నడుస్తుంది. ముక్కోణపు గీతల పటం మీద మూడు పులులూ పదిహేను మేకలూ ఉంటాయి. పులి పక్కనున్న మేక మీదుగా దూకి అవతలి ఖాళీ చోట దిగి దాన్ని చంపుతుంది. మేకలకు చంపే శక్తి లేదు, అవి గుంపుగా కూడి పులులను కదలనీయకుండా బంధిస్తే గెలుస్తాయి. పాత గుళ్ళ రాతిగచ్చుల మీద చెక్కి కనిపించే పటాల్లో ఇదొకటి. ఐర్లండు రచయిత లార్డ్ డన్సానీ 1942లో కల్పించిన ఆటలో ఒకవైపు మామూలు సైన్యం, మరోవైపు రాజు లేని ముప్ఫై రెండు బంట్లు మాత్రమే ఉంటాయి. సైన్యం బంట్లన్నిటినీ తినాలి, బంట్లు రాజుకు ఆటకట్టు చేయాలి. చూడగానే ఇది అన్యాయమైన హాస్యంలా తోస్తుంది, అయితే నాలుగు వరుసల బంట్లు ఒకదానికొకటి కాపలాగా కదులుతూ వస్తుంటే ఏనుగులకూ మంత్రికీ దారి దొరకని స్థితి ఎంత త్వరగా వస్తుందో ఆడినవారికి అర్థమవుతుంది. మేకలు గెలిచే పద్ధతి తెలిసినవారికి డన్సానీ బంట్ల బలం మొదటి ఆటలోనే పట్టుబడుతుందనడం అతిశయోక్తి కాదు. దీనికి వ్యతిరేక దిశలో, ఒకవైపు రాజూ నాలుగు బంట్లూ మాత్రమే ఉండి, ఆ పక్షానికి ప్రతి వంతులోనూ రెండు ఎత్తులు వేసే హక్కు ఇచ్చే ఆట కూడా ఉంది; రెండు ఎత్తులు వరసగా వేయగల రాజు నిజంగానే రాక్షసుడవుతాడు.

ఇటీవలి కాలపు కల్పనల్లో బాతు చదరంగం అన్నిటికంటే బాగా కుదిరింది. దీన్ని 2016లో టిమ్ పాల్డెన్ కల్పించాడు. పలక మీద ఎవరికీ చెందని ఒక బాతు ఉంటుంది. ప్రతి ఆటగాడూ తన ఎత్తు వేశాక ఆ బాతును ఎత్తి ఏదైనా వేరే ఖాళీ గడిలో పెట్టాలి. అది ఉన్న గడిలోకి ఎవరూ రాలేరు, దాని మీదుగా ఏనుగు, శకటు, మంత్రి పోలేవు, గుర్రం మాత్రం ఎప్పటిలాగే దూకగలదు. చెక్ అన్న భావన ఉండదు, రాజును తిన్నవాడిదే గెలుపు. తోలుబొమ్మలాటలో రామాయణ యుద్ధం మధ్యలో జుట్టుపోలిగాడూ బంగారక్కా ప్రవేశించినట్టు, ఎంతో జాగ్రత్తగా పన్నిన దాడి మధ్యలో బాతు వచ్చి కూర్చుంటుంది, అయినా కథ ఆగదు. ఈ నియమం నిలవడానికి కారణం దాని పొదుపు. కొత్త పావు ఒక్కటే, దాని నడక ఒక్క వాక్యంలో చెప్పవచ్చు, అది ఇద్దరికీ సమానంగా ఉపయోగపడుతుంది. అంతమాత్రంతో ప్రతి ఎత్తుకూ రెండు ఆలోచనలు అవసరమవుతాయి: తాను ఏం చేయాలి, ఎదుటివారు ఏం చేయకుండా ఆపాలి.

కళ్ళకు గంతలు కట్టే రూపాంతరాలు వేరే రకమైన హాస్యాన్ని ఇస్తాయి. హెన్రీ మైకేల్ టెంపుల్ 1899లో లండన్‌లో కల్పించిన క్రీగ్‌స్పీల్‌లో ఇద్దరు ఆటగాళ్ళకూ తమ పావులే కనిపిస్తాయి; మూడో పలక మీద అసలు స్థితిని నడిపే మధ్యస్థుడు ఎత్తు చెల్లుతుందో లేదో, ఏ గడిలో పావు పోయిందో, చెక్ పడిందో మాత్రం ప్రకటిస్తాడు. ఇక్కడ నవ్వు ఆటగాళ్ళకు దక్కదు, మూడు పలకలూ చూడగల ప్రేక్షకులకు దక్కుతుంది. పెనల్టిమా అనే ఆటలో ఈ సంబంధం ఇంకా ముందుకు పోతుంది: చూసేవారు ఒక్కొక్కరూ ఒక్కో పావుకు రహస్యంగా నడక కల్పిస్తారు, ఆడేవారు ఎత్తులు వేసి చూసి, చెల్లినవాటినీ చెల్లనివాటినీ బట్టి ఆ నడకలను కనిపెట్టాలి. నియమాన్ని ఊహించడమే ఆటైన ఈ పద్ధతి పిల్లలకు తర్కం నేర్పే తరగతిలో ఎంతో పనికివస్తుంది, అయితే నియమం కల్పించేవారికి సంయమనం లేకపోతే గంటలోపే విసుగు పుట్టిస్తుంది.

పేకలు కలిపిన ఆటలకు వచ్చేసరికి మెచ్చుకోలు తగ్గించక తప్పదు. ఫ్రాన్స్‌లో 1991లో వచ్చి, 1996లో అమెరికాలో నైట్‌మేర్ చెస్ పేరుతో వెలువడిన ఆటలో ప్రతి పేక మీదా ఒక వింత ఆజ్ఞ ఉంటుంది, దాన్ని బట్టి పావులు చోటు మారతాయి, మాయమవుతాయి, కొత్త శక్తులు పొందుతాయి. మొదటి సాయంత్రం అది బాగానే నవ్విస్తుంది. కానీ నవ్వంతా పేక మీద రాసిన మాటల్లో ఉంటుంది, పలక మీది స్థితి నుంచి పుట్టదు, అందుకే పేకలన్నీ చదివాక మిగిలేది తక్కువ. ప్రతి ఆటగాడూ తన పావుల్లో ఒకదాన్ని రహస్యంగా బాంబుగా గుర్తుపెట్టుకుని కోరినప్పుడు పేల్చే 1992 నాటి ఆటకు బేరూత్ నగరం పేరు పెట్టారు. నియమం చమత్కారమైనదే, కానీ నిజమైన ఊరి నిజమైన దుఃఖాన్ని ఆటపేరుగా వాడుకోవడం నవ్వు పుట్టించే పని కాదు. నియమాల కల్పనలో ఔచిత్యం కూడా భాగమే.

రూపాంతరాల మీద గంభీరమైన ఆసక్తి ఇటీవలి దశాబ్దాల్లో రెండు దిక్కుల నుంచి వచ్చింది. మాజీ ప్రపంచ ఛాంపియన్ వ్లాదిమిర్ క్రామ్నిక్, కృత్రిమ మేధ సంస్థ డీప్‌మైండ్ పరిశోధకులు కలిసి 2020లో ఆల్ఫాజీరో అనే స్వయంబోధక కార్యక్రమంతో తొమ్మిది నియమ మార్పులను పరీక్షించారు. కోటకట్టు తీసేయడం, బంటు పక్కకు జరగడం, తన పావును తానే తినడం వంటివాటితో పాటు, బంటు ఎప్పుడూ ఒక్క గడే జరిగే పద్ధతి కూడా వాటిలో ఉంది; అంటే దేశీయ చదరంగంలో తాతల నాడు సహజంగా ఉన్న నియమాన్ని, ఆ చరిత్రతో నిమిత్తం లేకుండా, కొత్త ప్రయోగంగా పరీక్షించారు. కోటకట్టు లేని ఆటకు ఒక తొలి పోటీ 2020 జనవరిలో చెన్నైలో జరిగింది. రెండో దిక్కు బాబీ ఫిషర్ 1996 జూన్ 19న బ్యూనస్ ఎయిరిస్‌లో ప్రకటించిన పద్ధతి. వెనుక వరుస పావులను చీటీ వేసినట్టు అమర్చి ఆడే ఆటకు అది పునాది. శకటులు రెండూ వేర్వేరు రంగు గడుల్లో ఉండాలి కనుక వాటికి 16 అమరికలు, మిగిలిన ఆరు గడుల్లో మంత్రికి 6, ఆపైన రెండు గుర్రాలకు 10, రాజు ఏనుగుల మధ్యే ఉండాలన్న షరతు వల్ల చివరి మూడు గడులకు ఒక్కటే, గుణిస్తే 960. ఈ అమరికల్లో చాలావాటిని చూసినప్పుడు మొదట నవ్వే వస్తుంది, గుర్రాలు రెండూ ఒక మూల ఇరుక్కుని, మంత్రి అంచున నిలబడి కనిపిస్తాయి. కానీ ఆ నవ్వు వెనుక కఠినమైన పరీక్ష ఉంది, ఎందుకంటే కంఠస్థం చేసిన ప్రారంభాలు ఇక్కడ పనికిరావు. హనుమకొండలో పెరిగి, 2024 డిసెంబరు రేటింగ్ జాబితాలో 2800 దాటిన అర్జున్ ఎరిగైసి 2025 జులైలో లాస్ వెగాస్‌లో ఈ పద్ధతిలోనే జరిగిన ఫ్రీస్టైల్ పోటీలో ఉజ్బెక్ ఆటగాడు నొదిర్బెక్ అబ్దుసత్తొరోవ్‌ను ఓడించి సెమీఫైనల్ చేరడం, ఉత్తర తెలంగాణ ఆటగాడు రూపాంతర చదరంగంలో అగ్రశ్రేణిలో నిలవగలడని చూపింది. కరీంనగర్, జగిత్యాల, నిర్మల్ బడుల్లో చదరంగం నేర్పేవారు ఈ 960 అమరికలను వారానికొకసారైనా ఆడిస్తే మేలు జరుగుతుందనడంలో సందేహం లేదు.

ఈ ప్రాంతపు ఇళ్ళలో నియమ కల్పన ఎన్నడూ కొత్త కాదు. అష్టాచెమ్మా ఆడేటప్పుడు గవ్వలు లేకపోతే చింతగింజలను ఒకవైపు అరగదీసి వాడుకుంటారు. నాలుగు పడితే చెమ్మ, ఎనిమిది పడితే అష్ట, రెండింటికీ మరో వంతు ఉంటుంది. ఎదుటి కాయను ఒకసారైనా కొట్టనిదే లోపలి గడుల్లోకి పోనివ్వరాదన్న షరతు కొన్ని ఇళ్ళలో ఉంటుంది, కొన్ని ఇళ్ళలో ఉండదు. ఇలాంటి తేడాలు వచ్చినప్పుడు గింజలు వేయకముందే మాట అనుకుంటారు. మధ్యలో మారిస్తే అది తొండి. హాస్య రూపాంతరానికీ తొండికీ మధ్య ఉన్న గీత ఇంతే సన్ననిది, ఇంతే స్పష్టమైనది: తొండి చేసే వింతనే రూపాంతరమూ చేస్తుంది, కాకపోతే ముందస్తు ఒప్పందంతో, ఇద్దరికీ వర్తించేలా చేస్తుంది. నాలుగు గింజలు వేసి, పడిన అంకెను బట్టి బంటో గుర్రమో శకటో ఏనుగో కదపాలనీ, అష్ట పడితే ఏ పావునైనా కదిపి మరో వంతు తీసుకోవచ్చనీ నియమం పెడితే, అల్ బిరూనీ వర్ణించిన పాచికల చదరంగమే ఇంటి అరుగు మీదికి తిరిగివస్తుంది.

స్థలాన్ని బట్టి నియమం ఎలా కల్పించవచ్చో చూపడానికి కొండగట్టును తీసుకోవచ్చు. జగిత్యాల జిల్లా మల్యాల మండలంలోని ఈ ఆంజనేయ క్షేత్రానికి చైత్ర పౌర్ణమి నాటి చిన్న జయంతికీ, వైశాఖ బహుళ దశమి నాటి పెద్ద జయంతికీ దీక్షాపరులు కాషాయ వస్త్రాలతో వేలాదిగా తరలివస్తారు. కొండ మీది కోతులు జనం ఎక్కడ గుమిగూడితే అక్కడికే చేరి, చేతిలోని కొబ్బరిచిప్పనో అరటిపండునో అందుకుంటాయి. స్వామిని పావుగా చేయడం ఎంతమాత్రం తగదు. కొండ మీది కోతి మాత్రం ఎవరి పక్షమూ కాని పావుకు చక్కగా సరిపోతుంది. ఈ కోతి బాతులా ఇష్టమొచ్చిన గడికి పోదు. టి.ఆర్. డాసన్ 1913లో కల్పించిన మిడత అనే పావు నడకను దానికి ఇవ్వవచ్చు: నిలువుగానో అడ్డంగానో ఐమూలగానో సూటిగా పోయి, దారిలో తగిలిన మొదటి పావు మీదుగా దూకి, దాని వెంటనే ఉన్న గడి ఖాళీగా ఉంటే అక్కడ దిగుతుంది. మిడత ఎదుటి పావును తినగలదు, కోతి ఎవరినీ తినదు, దాన్నీ ఎవరూ తినలేరు. తన ఎత్తు వేసిన ప్రతి ఆటగాడూ, దూకడానికి వీలుంటే కోతిని దూకించి తీరాలి; వీలు లేకపోతే అది ఉన్నచోటే ఉంటుంది. చెక్ లేదు, రాజును తిన్నవాడిదే గెలుపు.

ఈ నియమం ఎలా పనిచేస్తుందో పలక మీద చూడాలి. నిలువు వరుసలను తెల్లవారి ఎడమ నుంచి ఎ మొదలు హెచ్ వరకూ, అడ్డ వరుసలను వారివైపు నుంచి 1 మొదలు 8 వరకూ లెక్కించి, కోతిని నడిమధ్యన ఇ4 గడిలో కూర్చోబెడితే, ఆట మొదట్లో దానికి దూకే దారి ఒక్కటీ ఉండదు, ఎందుకంటే ప్రతి బంటు వెనుకా మరో పావు ఉంది, లేదా పలక అంచు ఉంది. తెల్లవారు మంత్రివైపు గుర్రాన్ని సి3కి తెచ్చారనుకుంటే, బి1 ఖాళీ అవుతుంది. ఐమూలగా సి2 బంటు మీదుగా దూకి కోతి ఆ ఖాళీలో దిగుతుంది, దిగక తప్పదు, ఎందుకంటే అప్పుడు దానికున్న దూకు అదొక్కటే. అంటే గుర్రాన్ని బయటికి తెచ్చిన ఆటగాడు తన చేత్తోనే కోతిని తన ఇంట్లో కూర్చోబెడతాడు. దీనికి భిన్నంగా తెల్లవారు రాజు ముందున్న బంటును ఇ3కి జరిపితే, కోతి దాని మీదుగా వెనక్కి దూకి ఇ2లో చేరి శకటుకూ మంత్రికీ ఒకేసారి దారి మూస్తుంది. ఇప్పుడు వంతు నల్లవారిది. ఎదుటివారి ఇంట్లో చిక్కుకున్న కోతి అక్కడే ఉండాలని వారు కోరుకుంటారు, కానీ తమ ఎత్తు వేశాక కోతిని దూకించాలి, దానికున్న దారి సాధారణంగా ఇ3 బంటు మీదుగా మళ్ళీ ఇ4కే. కాబట్టి నల్లవారే దాన్ని బయటికి సాగనంపుతారు. బంటును బి5కి నెట్టి కోతికి మరో దారి చూపగలిగితేనే వారికి ఎంపిక ఉంటుంది: అప్పుడది బి5 బంటు మీదుగా ఎ6లో దిగవచ్చు, అంటే నల్లవారు దాన్ని తమ వైపే పిలుచుకోవలసి వస్తుంది. శత్రువుకు సాయం చేయక తప్పని ఈ స్థితి నియమం నుంచే పుట్టింది; ఇందులో ఏ పేక మీద రాసిన చమత్కారమూ లేదు. పావులు గుంపుగా ఉన్నచోట కోతికి పని ఎక్కువ, పలచబడినచోట తక్కువ, కొండ మీద ఉన్నట్టే.

ఈ పావును చేయించడానికి దూరం వెళ్ళనక్కరలేదు. పొనికి కర్రతో పండ్లు, పక్షులు, జంతువుల బొమ్మలు చెక్కి రంగులు వేసే నిర్మల్ కళాకారులు పూర్వపు ఆదిలాబాద్ జిల్లాలోనే ఉన్నారు. అరచేతిలో పట్టే కోతిబొమ్మ వారికి కొత్త పని కాదు. బొమ్మ లేనిచోట చింతగింజ చాలు.

మిగిలిన చిక్కు అంత్యదశది. పావులు నాలుగైదుకు తగ్గాక కోతికి దూకే దారులు అరుదవుతాయి, అది ఒక గడిలో బండరాయిలా నిలిచిపోయి, రాజూ బంట్ల అంత్యదశల్లో ఒక పక్షానికి ఊరికే లాభం చేకూర్చవచ్చు. దీనికి రెండు సవరణలు సాధ్యం. దూకే దారి లేనప్పుడు కోతి రాజులా పక్క గడికి ఒక్క అడుగు వేయవచ్చనడం మొదటిది. దీనివల్ల ఆట చివరిదాకా చురుకుగా ఉంటుంది, కానీ ప్రారంభంలో కోతికి ఉన్న నిస్సహాయత పోతుంది, దానితో పాటు పైన వివరించిన బలవంతపు దూకుళ్ళ రుచి కూడా కొంత పోతుంది. రెండోది, ఇరుపక్షాల మంత్రులూ పోయిన తరువాత మాత్రమే ఆ అడుగును అనుమతించడం. దీనివల్ల ప్రారంభపు రుచి చెడదు, అయితే నియమం ఒక్క వాక్యంలో ఇమడదు, పిల్లలకు చెప్పడం కష్టమవుతుంది. పొదుపే ఈ తరహా ఆటలకు ప్రాణం కనుక మొదటి సవరణతో ఆడి చూడటం మేలు, దానితో తొలి పది ఎత్తులు మరీ చప్పబడితేనే రెండోదానికి పోవాలి.